పిల్లలున్న ఇంట ఎం.బి.ఏ. చదువు

నేలకొండపల్లి చుట్టుప్రక్కల గ్రామములలో సాగర్ ఎడమ కాలువ నీటి క్రింద వరి, చెరకు, మెట్ట పొలములలో ప్రత్తి, మిరప పండించుచున్నారు. పంట పెరిగిన కొలది లెక్క కూడ పెరిగినది. పరపతి సంఘములో గుమాస్తా, ఎరువుల దుకాణము నడుపువారు, రైసుమిల్లులో లెక్కలు చూచువారు, మహిళా సమాఖ్యలో ధాన్యము కొనుగోలు వ్రాయు అమ్మాయి, రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి మేనేజరు - ఇట్టి వారు ఇప్పుడు ప్రతి గ్రామమునందును ఉన్నారు. వీరిలో చాలమంది ముప్పది, నలుబది ఏండ్ల మధ్యవారు. బి.ఏ. లేక బి.కాం. వరకు చదివి, పెండ్లియై, ఇద్దరు పిల్లలు బడికి పోవుచుండగా, "ఇంట ఉండియే ఎం.బి.ఏ. చదువవచ్చునట గదా, చేరమందురా?" అని అడుగుచున్నారు.

సేద్యము నేర్పు పత్రికలో ఈ మాట ఎందుకని కొందరు పాఠకులకు తోచవచ్చును. కారణము ఉన్నది. ఇంట ఒకరు చదువునకు కూర్చున్నచో, ఆ గంటలు పొలము నుండియో, పశువుల కొట్టము నుండియో, పిల్లల నుండియో రావలసినదే. ఆ గంటలను ఎవరు ఇచ్చుచున్నారో ముందుగా లెక్క చూడక ఫీజు కట్టిన ఇండ్లలో చదువు సగములో ఆగుట, ఆగకున్న ఇంట మనస్పర్థ పెరుగుట జరుగుచున్నది. ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పదలచినది ఆ లెక్కనే.

ఇది క్రొత్త చదువు కాదు

తపాలా ద్వారా పాఠములు పంపి పరీక్ష పెట్టు పద్ధతిని మన దేశములో ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో ప్రారంభించినది. ఇంగ్లండులో సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు 1969లో అధికార పత్రము లభించి, 1971లో పాఠములు మొదలైనవి. మన దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము మాత్రము తెలుగునాటనే పుట్టినది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము నాగార్జునసాగర్‌లో ప్రారంభమైనది. మన పొలములకు నీరు వచ్చు చోటి నుండియే ఈ చదువు కూడ బయలుదేరినదన్న మాట. దానికి మొదటి ఉపకులపతి జి. రామరెడ్డి గారు. తరువాత 1985లో ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము, అనగా ఇగ్నో, ఏర్పడినప్పుడు దానికి కూడ వారినే మొదటి ఉపకులపతిగా తీసికొన్నారు. మన విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టినారు.

ఇప్పుడు రెండు విధముల చదువు ఉన్నది. ఒకటి దూరవిద్య. ఇందులో పుస్తకములు వచ్చును, దగ్గరి పట్టణములో అధ్యయన కేంద్రము ఉండును, కొన్ని ఆదివారములు తరగతులు ఉండవచ్చును. రెండవది ఆన్‌లైన్ చదువు. ఇందులో పాఠము, ప్రశ్నలు, అధ్యాపకునితో మాట్లాడుట అన్నియు ఫోను లేక కంప్యూటరు మీదనే. రెండింటికిని నియమములు ఒక్కచోటనే ఉన్నవి. అవి విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2020 సెప్టెంబరులో వెలువరించిన నిబంధనలు.

ఆ నిబంధనలలో రైతు కుటుంబములు తప్పక తెలిసికొనవలసిన సంగతి ఒకటున్నది. వ్యవసాయము, ఉద్యానవన శాస్త్రము అను విషయములలో డిగ్రీని దూరవిద్య ద్వారా గాని ఆన్‌లైన్ ద్వారా గాని ఇచ్చుటకు వీలులేదు. మట్టి ముట్టకుండ వ్యవసాయ పట్టా ఇవ్వరాదనుట న్యాయమే. కాబట్టి "ఇంట కూర్చుండియే బి.ఎస్‌సి. అగ్రికల్చరు" అని ఎవరైన బోర్డు కట్టినచో ఆ గుమ్మము తొక్కవద్దు. వ్యాపార నిర్వహణ అట్లు కాదు. దానిని దూరముగా నేర్పవచ్చును.

నిజముగా కావలసినది ఎం.బి.ఏ.యేనా?

ఎరువులు, పురుగుమందుల దుకాణము నడుపువారికి మా సలహా, ఎం.బి.ఏ. కన్న ముందు "దేశీ" డిప్లొమా చూడవలెననియే. దీనిని హైదరాబాదు రాజేంద్రనగరులోని "మేనేజ్" సంస్థ 2003లో ప్రారంభించినది. ఇది 48 వారముల శిక్షణ. వారమునకు ఒక్క దినము, ఆదివారమో లేక బజారు సెలవు దినమో, దుకాణము మూయకుండ చదువుటకు వీలుగా ఏర్పరచినది. ఇందులో 40 తరగతులు, 8 పొలము సందర్శనములు ఉన్నవి. పురుగును చూచి మందు చెప్పగల నేర్పు దుకాణమునకు ఎక్కువ లాభము. విస్తరణ అధికారులకు అదే సంస్థ 2007 నుండి వ్యవసాయ విస్తరణ నిర్వహణలో ఒక సంవత్సరపు దూరవిద్యా డిప్లొమా నేర్పుచున్నది.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో ఉద్యోగము ఆశించువారి సంగతి వేరు. ఇట్టి కంపెనీలకు 2002లో చట్టములో చోటు కల్పించినారు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము 10,000 సంఘముల పథకము మొదలుపెట్టినప్పుడు, ముఖ్య నిర్వహణాధికారి జీతమునకు మొదటి మూడు సంవత్సరములు నెలకు రు. 25,000 వరకు సహాయము ఏర్పాటు చేసినది. ఆ పని ఎం.బి.ఏ. పట్టా ఉన్నవారికే అని ఆ పథకము అనలేదు. వ్యవసాయ మార్కెటింగులోనో, వ్యాపార నిర్వహణలోనో సాధారణ డిగ్రీ ఉన్నను చాలును. కావున కేవలము ఆ ఉద్యోగమునకే ఎం.బి.ఏ. చదువబోవువారు ఆ కంపెనీ డైరెక్టర్లను ముందుగా అడిగి చూచుకొనవలెను. వారికి కావలసినది ఎక్కువసార్లు పట్టా కన్న ధాన్యము తూకము, సరుకు నిలువ, జి.ఎస్.టి. కాగితములు తెలిసిన మనిషి.

పదోన్నతికి పోస్టుగ్రాడ్యుయేట్ డిగ్రీ అక్కరయైన ఉద్యోగులకు, బ్యాంకులోనో పెద్ద కంపెనీలోనో పైమెట్టు ఎక్కదలచినవారికి, స్వంత మిల్లును, శీతల గిడ్డంగిని పెంచదలచినవారికి ఎం.బి.ఏ. పనికివచ్చును. హైదరాబాదుకు పోయి క్రొత్త ఉద్యోగము వెదకవలెనను వారికి మాత్రము ఒక మాట. క్రొత్తవారిని తీసికొను కంపెనీలు కాలేజీలకు వచ్చి ఎంచుకొనును, ఇంట చదివినవారి వద్దకు రావు. ఇంట చదివినవారికి వారి పూర్వపు అనుభవమే సిఫారసు.

నిశ్చయించుకొనుటకు ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకొనవచ్చును. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వము "స్వయం" అను ఆన్‌లైన్ వేదిక తెరచినది. అందులో పాఠములు వినుటకు రుసుము లేదు. సర్టిఫికెటు కావలెనన్న పరీక్షకు మాత్రము కొంత కట్టవలెను. లెక్కల శాస్త్రముపై పాఠమొకటి ఎంచుకొని, ఎనిమిది వారములు గాని పండ్రెండు వారములు గాని తప్పక పూర్తిచేసి చూడుడు. పూర్తిచేయలేకపోయినచో పోయినది కొన్ని రాత్రుల నిద్ర మాత్రమే.

విత్తనపు సంచి మీద చీటీ చూచినట్లు

విత్తనము కొనునప్పుడు సంచికి కుట్టిన చీటీ చూడని రైతు ఇప్పుడు అరుదు. పట్టా విషయములో మాత్రము చదువుకొన్నవారు కూడ మోసపోవుచున్నారు. చూడవలసిన చీటీ ఏదనగా, యు.జి.సి. వారి దూరవిద్యా విభాగము వెబ్‌సైటులో ఉంచు జాబితా. విశ్వవిద్యాలయము పేరు ఉన్నంత మాత్రమున చాలదు. మీరు చేరబోవు కోర్సు పేరు, చేరబోవు విడత, అది దూరవిద్యయా ఆన్‌లైనా అను మూడింటికిని అనుమతి ఉన్నట్లు చూడవలెను. అనుమతి ఒక విడతకు ఉండి, మరొక విడతకు లేకపోవచ్చును.

2024 జూలై విడత నుండి దూరవిద్యలోను ఆన్‌లైన్‌లోను చేరువారు యు.జి.సి. వెబ్‌సైటులో తమంతట తాము "డెబ్" సంఖ్య తీసికొనవలెనను నియమము వచ్చినది. ఇది మంచి ఏర్పాటు. దీనికి ముందుగా ఆధార్‌తో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరువవలెను. పదవ తరగతి మెమోలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒక్కటిగా ఉన్నదో లేదో ఇప్పుడే చూచుకొనుడు. పెండ్లి తరువాత ఇంటిపేరు మారిన స్త్రీలకు ఇక్కడనే చిక్కు వచ్చుచున్నది. ఆ సవరణకు వారములు పట్టును.

పట్టణములలో గది అద్దెకు తీసికొని, "ఫీజు మాకు కట్టండి, పట్టా మేము తెప్పించెదము" అనువారున్నారు. దూరవిద్యను ఇట్లు ఏజెన్సీకి ఇచ్చుటను నిబంధనలు నిషేధించినవి. ఫీజు విశ్వవిద్యాలయపు ఖాతాలోనికే పోవలెను, రసీదు దాని పేరనే రావలెను. రెండేండ్ల కోర్సును ఏడాదిలో ముగించెదమనువాడు, పరీక్ష వ్రాయనక్కరలేదనువాడు అబద్ధము చెప్పుచున్నాడు. విదేశీ విశ్వవిద్యాలయము పేరుతో ప్రకటనలు చేయు ప్రైవేటు కంపెనీల విషయమై 2023 డిసెంబరులో యు.జి.సి.యే హెచ్చరిక చేసినది. అనుమతి లేకుండ అట్లు ఇచ్చిన డిగ్రీలకు ఇక్కడ గుర్తింపు లేదు.

అనుమతి ఉన్న చోట చదివిన పట్టాకు విలువ తక్కువయా అని సందేహము వద్దు. గుర్తింపుగల సంస్థ దూరవిద్యలోను ఆన్‌లైన్‌లోను ఇచ్చిన డిగ్రీ మామూలు కాలేజీ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరు 2న యు.జి.సి. స్పష్టపరచినది.

గంటల లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఇగ్నో పద్ధతిలో ఒక క్రెడిట్ అనగా 30 గంటల చదువు. పాఠము చదువుట, వినుట, అసైన్‌మెంటు వ్రాయుట అన్నియు అందులోనే. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు పట్టును. ఒక అర్ధ సంవత్సరములో ఆరు పేపర్లు ఉన్నవనుకొందము. 720 గంటలు. అర్ధ సంవత్సరమునకు 26 వారములు గాని, పండుగలు, జ్వరములు, పెండ్లిండ్లు పోగా 22 వారములకు మించి చేతికి రావు. 720ని 22 చేత భాగించిన, వారమునకు దాదాపు 33 గంటలు. ఇది ఉద్యోగము మీద మరొక ఉద్యోగము. అకౌంట్సు ముందే తెలిసినవారికి కొంత తగ్గును, ఇంగ్లీషు కష్టమైనవారికి పెరుగును.

ఒక ఇంటిని ఊహించుకొందము. ఇల్లాలు పరపతి సంఘములో పనిచేయుచున్నది. భర్త నాలుగెకరముల వరి, ఎకరము మిరప చూచుకొనును. అత్తగారు ఇంటనే ఉన్నారు. పిల్లలు ఇద్దరు, ఒకరు రెండవ తరగతి, ఒకరు ఆరవ తరగతి. ఒక పాడి గేదె ఉన్నది. ఇల్లాలు ఉదయము తొమ్మిదిన్నరకు బయలుదేరి సాయంత్రము ఆరింటికి ఇల్లు చేరును. ఆమె నోరు తెరచి అడిగిన రోజున మాట ఇట్లు నడుచును.

"అత్తమ్మా, తెల్లవారి నాలుగున్నరకు లేచి చదువుకుంటాను."

"చదువుకో బిడ్డా, ఎవరొద్దన్నరు? గేదె ఐదింటికి అరుస్తది. దాని కాడికెవరు పోవాలె?"

ఈ ప్రశ్న చదువునకు అడ్డు చెప్పుట కాదు. ఇంట ఇంతవరకు ఎవరును వ్రాయని లెక్కను ఆమె బయటపెట్టినది. పాలు పితుకుట, వాకిలి, పొయ్యి, పిల్లల జడలు, టిఫిను డబ్బాలు, సాయంత్రము హోంవర్కు - వీటికి హాజరుపట్టీ లేదు గనుక అవి పనులని ఎవరికిని తోచదు. చదువునకు కూర్చున్న దినముననే అవి పనులని తెలియును.

కాబట్టి ఒక పెద్ద కాగితము తీసికొని, ఒక వారము దినములు ఇంటివారందరు ఏ గంటకు ఏ పని చేయుచున్నారో వ్రాయవలెను. పురుషుల పని కూడ వ్రాయవలెను. హోటలు వద్ద కూర్చున్న గంట, ఫోను చూచిన గంట కూడ దాచకుండ వ్రాసిన మంచిది. తరువాత ఎవరి పేరు క్రింద నుండి ఏ పని ఎవరి పేరు క్రిందికి మారునో అందరి ఎదుట నిర్ణయించుకొనవలెను. పై ఇంట ఉదయపు పాలు భర్తకు మారినవనుకొందము. రాత్రి గిన్నెలు ఆయనకే. ఆరవ తరగతి పిల్ల తమ్ముని హోంవర్కు చూచుట మంచిదే గాని, దానిని ఆడపిల్ల నెత్తిన శాశ్వతముగా పెట్టరాదు. తల్లి చదువునకు కూతురు చదువు వెల కారాదు. ఆదివారము నాలుగు గంటలు పిల్లలను తండ్రి పొలమునకు తీసికొనిపోవును, వారికి సంతోషము, కాలువ దగ్గర మాత్రము కన్ను వేసి ఉంచవలెను.

ఇప్పుడు ఇల్లాలికి మిగిలినది ఆరు దినములు తెల్లవారుజామున ఒక గంట, రాత్రి ఒక గంట, ఆదివారము నాలుగు గంటలు. మొత్తము వారమునకు 16 గంటలు. 22 వారములకు 352 గంటలు. అనగా దాదాపు మూడు పేపర్లకు సరిపోవును, ఆరింటికి చాలదు. ఇది సోమరితనము కాదు, కూడిక.

ఇగ్నోలో రెండేండ్ల ఎం.బి.ఏ.ను నాలుగేండ్లలోపల ముగించుటకు వీలున్నది. అన్ని పేపర్లు ఒక్కసారే వ్రాయవలెనన్న నిర్బంధము లేదు. విడతకు మూడు చొప్పున 24 పేపర్లు వ్రాయుటకు ఎనిమిది విడతలు, అనగా సరిగ్గా నాలుగేండ్లు పట్టును. ఇక్కడ ఒక ప్రమాదము దాగియున్నది. ఒక్క పేపరు తప్పినను, ఒక్క కాన్పు వచ్చినను గడువు దాటును. పేపర్లు అంతకన్న ఎక్కువ ఉన్న కోర్సులో ఆ మాత్రపు వెసులుబాటు కూడ ఉండదు. అందువల్ల ఏడాదిలో ఒక విడతనైన నాలుగో, ఐదో వ్రాయునట్లు ఏర్పాటు చేసికొనవలెను. పిల్లలు అమ్మమ్మగారింటికి పోవు వేసవి నెలలు అందుకు అనుకూలము. ఏప్రిల్, మే నెలలలో యాసంగి ధాన్యము కొనుగోలు ఉండు ఉద్యోగులకు ఆ వసతి కూడ అంతంత మాత్రమే. వారు తమ కార్యాలయములో సెలవు మాట ముందే మాట్లాడుకొనవలెను.

తండ్రి చదువుచున్న ఇంట ఈ చిక్కులు తక్కువగా కనబడును. ఆయన తలుపు వేసికొనిన, లోపలికి టీ వచ్చును. టీ తెచ్చినవారి గంట కూడ కాగితము మీద వ్రాయవలెను.

పరీక్షలు, పంటకాలము

ఇగ్నో పరీక్షలు జూన్‌లోను డిసెంబరులోను జరుగును. ప్రవేశములు జనవరి, జూలై విడతలు. ఈ నెలలను మన పంటల కాలముతో ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. జూన్‌లో తొలకరి, ప్రత్తి విత్తుట, పైగా తెలంగాణలో బడులు తెరచుట, పుస్తకములు, యూనిఫారములు. డిసెంబరులో వానాకాలపు వరి కోతలు, కొనుగోలు కేంద్రముల వద్ద లారీల రద్దీ, ప్రత్తి తీత. జనవరి నుండి మిరప కోతలు, కూలీల వేట, ఖమ్మము మార్కెటు. పరీక్షల పట్టిక పట్టణపు ఉద్యోగులను తలచి వేసినది, మన పొలములను తలచి కాదు. దానిని మార్చుట మన చేతిలో లేదు. అసైన్‌మెంట్లను మాత్రము ముందునకు జరుపుకొనవచ్చును. ఇగ్నోలో సాధారణముగా మార్కులలో 30 వంతులు అసైన్‌మెంట్లకు, 70 వంతులు చివరి పరీక్షకు. వానాకాలపు విడతలో నాట్లకు, కోతలకు నడుమ ఆగస్టు, సెప్టెంబరు నెలలలో కొంత తీరిక దొరకును. అసైన్‌మెంట్లన్నియు అప్పుడే ముగించినచో డిసెంబరులో పరీక్ష మాత్రమే మిగులును.

ఆ తీరికకు కూడ హామీ లేదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మములో వీధులు మునిగినవి. అట్టి దినములలో కరెంటు ఉండదు, సిగ్నలు ఉండదు. గడువు చివరి దినమున పంపెదనని ఉంచిన కాగితము ఇంటనే నిలిచిపోవును. గడువునకు పది దినములు ముందుగా పంపువారికి వరద భయము తక్కువ. భద్రాచలము వైపు అడవి అంచు గ్రామములలో మంచి దినములలో కూడ ఫోను పలుకని చోట్లు ఉన్నవి. అక్కడివారు ఆన్‌లైన్ కోర్సు కన్న అచ్చు పుస్తకములు వచ్చు దూరవిద్యనే ఎన్నుకొనుట మేలు. ఆన్‌లైన్‌లోనే చేరినవారు సంతకు వచ్చిన దినమున వారమునకు సరిపడు పాఠములు ఫోనులోనికి దింపుకొని పోవలెను. పరీక్షా కేంద్రము ఎచ్చటనో చేరుటకు ముందే అడుగుడు. నేలకొండపల్లి వారికి ఖమ్మము అయినచో ఉదయము పోయి సాయంత్రము రావచ్చును. హైదరాబాదైనచో పరీక్షలన్ని దినములును పిల్లలు ఎవరి వద్ద ఉందురన్న ప్రశ్న మరల వచ్చును.

పాఠమును ఇంటి లెక్కలో చూచుట

ఎం.బి.ఏ. పుస్తకములు ఎక్కువగా ఇంగ్లీషులో ఉండును. తెలుగు మాధ్యమములో చదివినవారు మొదటి రెండు నెలలు భయపడుదురు. బట్టీ పట్టుట దీనికి మందు కాదు. ప్రతి పాఠమును తన సంఘము, తన దుకాణము, తన పొలము లెక్కలో పెట్టి చూచినచో ఇంగ్లీషు మాట వెనుక ఉన్న సంగతి తనకు తెలిసినదేనని తెలియును.

ఉదాహరణకు మిరప. పది క్వింటాళ్లు కల్లములో ఉన్నవి. ఈ దినపు ధర క్వింటాలుకు రు. 12,000 అనుకొందము. ఇప్పుడే అమ్మిన రు. 1,20,000 చేతికి వచ్చును. అయిదు నెలలు శీతల గిడ్డంగిలో పెట్టిన లాభమా? నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున ఆ డబ్బు మీద అయిదు నెలలకు రు. 6,000. నలుబది కిలోల బస్తాలు 25. బస్తాకు అద్దె రు. 200 అనుకొన్న రు. 5,000. ఎగుమతి, దిగుమతి కూలి రు. 1,000. మొత్తము రు. 1,32,000. తేమ ఆరి నూటికి మూడు వంతుల తూకము తగ్గినచో మిగులునది 9 క్వింటాళ్ల 70 కిలోలు. భాగించి చూడగా క్వింటాలు సుమారు రు. 13,600 పలికిననే అసలు గిట్టును. అంతకు పైన వచ్చినదే నిలువ పెట్టినందుకు లాభము. ఈ అంకెలు నేర్చుకొనుటకు వేసికొన్నవి. మీ గిడ్డంగి అద్దె, మీ వడ్డీ వేసికొని మరల చేయుడు.

ఇందులో రైతులు సాధారణముగా మరచునది వడ్డీ. అప్పు లేనివారు "నాకు వడ్డీ ఏమిటి, నా డబ్బే గదా" అందురు. ఆ డబ్బు ఇప్పుడే చేతికి వచ్చియుండిన మరొక అప్పు తీర్చియుండును, లేక బ్యాంకులో ఉండి వడ్డీ తెచ్చియుండును. దీనికే పుస్తకములో ఆపర్చ్యూనిటీ కాస్ట్ అని పేరు పెట్టి ఒక అధ్యాయము వ్రాసినారు. చేజార్చుకొన్న లాభము కూడ ఖర్చేనని దాని తాత్పర్యము. మిరప లెక్క చేసిన ఇల్లాలికి ఆ అధ్యాయము అరగంట పని. అట్లే సంఘములో ధాన్యము డబ్బు రైతుకు చేరువరకు రోజులెన్ని, అంతవరకు హమాలీలకు, సంచులకు డబ్బు ఎచ్చటి నుండి వచ్చుచున్నది అని ఒక నెల వ్రాసి చూచినవారికి వర్కింగ్ క్యాపిటల్ పాఠము చెప్పనక్కరలేదు. ప్రాజెక్టు రిపోర్టును కూడ బయట కొనక, అనుమతి తీసికొని తమ సంఘము మీదనే వ్రాసినచో, చదువు అయిన తరువాత ఆ కాగితము సంఘమునకైన పనికివచ్చును.

ఫీజు విషయము

ఫీజు సంస్థను బట్టి చాల తేడాగా ఉన్నది. ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయములలో తక్కువ, ప్రైవేటులో దానికి అనేక రెట్లు. ఎక్కువ ఫీజు తీసికొనుచోట పాఠము ఎక్కువ వచ్చుననుకొనుట పొరపాటు. ఫీజుతో పాటు పరీక్ష రుసుము, ప్రయాణము, ఫోను డేటా, ఒక పాత కంప్యూటరు కూడ కలిపి వ్రాయుడు. పంట ఋణమును ఫీజునకు మళ్లించవద్దు. యూరియాకు, కూలికి డబ్బు లేని రోజున పుస్తకము మీద మనసు నిలువదు. విడతకు విడతగా కట్టు వీలున్న చోట అట్లే కట్టుడు. నాలుగు విడతల డబ్బు ఒక్కసారే కట్టిన తగ్గింపు ఇత్తుమను మాటకు లొంగుటకు ముందు, నడుమ మానివేసిన ఎంత తిరిగి ఇచ్చెదరో వ్రాతపూర్వకముగా అడుగుడు.

మరొక మాట. ఇంట తెలియకుండ, చీటీ పాడిన డబ్బుతో చేరినవారు కొందరున్నారు. మంచి పనికే గదా అని వారి ఉద్దేశము. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న కథ మన పిల్లలకు కూడ తెలుసును. పాల్వంచ తహసీలుదారుగా ఉండి, వసూలైన డబ్బుతో భద్రాద్రి రామునికి గుడి కట్టించినాడు, గోల్కొండ చెరలో ఏండ్లు గడిపినాడు. గుడి ఇప్పటికిని నిలిచియున్నది. కాని చెరసాల కూడ నిలిచియున్నది గదా! భక్తుని కొరకు రాముడు బాకీ తీర్చినాడని కథ. మన చీటీ బాకీ తీర్చుటకు ఆయన వచ్చునని నమ్ముకొనుట కన్న, డబ్బు సంగతి ముందుగా ఇంట చెప్పుట తేలిక.

నడుమ ఆపవలసి వచ్చినచో

పిల్లవానికి జబ్బు చేయవచ్చును, మామగారు మంచము పట్టవచ్చును, పంట పోవచ్చును. అట్టి విడతలో పరీక్షలు వదలివేసి, మరుసటి విడతలో వ్రాయుట నష్టము కాదు. వదలునప్పుడు రెండు పనులు చేయవలెను. గడువు ఇంకను ఎన్ని విడతలున్నదో వ్రాసి గోడకు అంటించుకొనవలెను. పూర్తియైన అసైన్‌మెంట్ల మార్కులు మరుసటి విడతకు నిలుచునో లేదో అధ్యయన కేంద్రములో అడిగి, సమాధానము కాగితము మీద తీసికొనవలెను. ఊరక ఊరకొన్నవారే తరువాత తిరిగి రాలేకపోవుచున్నారు.

పిల్లలతో ఎట్లు వేగుట అని అడుగువారికి, ఒకే బల్ల, ఒకే దీపము మంచి పద్ధతి. రాత్రి ఎనిమిదింటికి పిల్లలు హోంవర్కునకు కూర్చున్నప్పుడు తల్లియో తండ్రియో తమ పుస్తకము తీసి ప్రక్కన కూర్చుండవలెను. అది లోతైన చదువునకు పనికిరాదు, మాటిమాటికి ప్రశ్నలు వచ్చును. మాటలకు అర్థములు వ్రాసికొనుటకు, లెక్కలు చేయుటకు చాలును. లోతైన చదువు తెల్లవారుజాముననే. చిన్నపిల్లల నిద్ర, జ్వరము, పరీక్షల వారములలో తమ గంటలు వారికే విడిచిపెట్టవలెను. 22 వారముల లెక్కలో వాటిని ముందే తీసివేసినాము.

జనవరి విడతలో చేరదలచినవారు నవంబరులోనే గంటల కాగితము వ్రాయుట మొదలుపెట్టవలెను. జూలై విడతవారు మే నెలలో మొదలుపెట్టవలెను. నాలుగు వారములు వ్రాసిన తరువాత వారమునకు పది గంటలైన తేలనిచో, ఆ విడతకు ఫీజు కట్టక "స్వయం"లో ఒక్క పాఠము మాత్రము తీసికొనుడు. పది నుండి పదహారు తేలినచో రెండు లేక మూడు పేపర్లు. అంతకు మించి తేలినదని వ్రాసినచో, ఆ కాగితమును ఇంటి ఆడవారికి చూపి, వారు ఒప్పుకొన్న తరువాతనే దరఖాస్తు పెట్టుడు.